కొత్త స్టాండర్డ్ వచ్చింది, కంపెనీ ఏం చేస్తుంది?

(ఫైనాన్స్, అకౌంట్స్ విభాగాల్లో పనిచేస్తున్నవారి సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం.

2010 జనవరిలో యాపిల్ కంపెనీ తన 2009 ఆర్థిక సంవత్సరపు లెక్కలను సవరించి మళ్లీ దాఖలు చేసింది. మొదట చూపిన అమ్మకాలు 36.5 బిలియన్ డాలర్లు, సవరించాక 42.9 బిలియన్లు. నికర లాభం 5.7 బిలియన్ల నుంచి 8.2 బిలియన్లకు పెరిగింది. ఈ మధ్యలో ఆ పాత సంవత్సరానికి కొత్తగా ఒక్క ఫోనూ చేరలేదు, బ్యాంకులో ఒక్క డాలరూ అదనంగా పడలేదు. పోనీ తప్పుడు లెక్కలు రాసి దొరికిపోయారా అంటే అదీ లేదు. అకౌంటింగ్ స్టాండర్డ్, అంటే లెక్కలు ఎలా రాయాలో చెప్పే రూలు, మారింది, అంతే.

అంతకు ముందు రూలు ఏమిటంటే, ఐఫోన్ కొన్నవాళ్లకు ముందు ముందు కొత్త సాఫ్ట్‌వేర్ ఉచితంగా ఇస్తామని కంపెనీ మాట ఇచ్చింది. ఆ ఉచిత సాఫ్ట్‌వేర్‌ని విడిగా ఎక్కడా అమ్మడం లేదు కాబట్టి దాని ధర ఇదీ అని చూపించే ఆధారం లేదు. ఆధారం లేనప్పుడు ఫోన్ మీద వచ్చిన ఆదాయం మొత్తాన్ని అమ్మిన రోజే రాసుకోవడానికి వీల్లేదు. అందుకని యాపిల్ దాన్ని 24 నెలలకు పంచుతూ వచ్చింది. 2009లో అమెరికా స్టాండర్డ్స్ బోర్డు, మనం ఎఫ్‌ఏఎస్‌బీ అంటామే, అది రూలు మార్చింది. విడిగా అమ్మిన ధర దొరక్కపోతే సహేతుకమైన అంచనా ఒకటి మీరే వేసుకోండి అంది. యాపిల్ గడువు కంటే ముందే అందుకుంది. ఉచిత అప్‌డేట్ల విలువ ఒక్కో ఐఫోన్‌కి 25 డాలర్లు అని అంచనా కట్టి, ఆ కాస్త మాత్రం వాయిదా వేసి, మిగిలినదంతా అమ్మిన రోజే ఆదాయంగా చూపింది. పాత సంవత్సరాలనూ అదే పద్ధతిలో తిరగరాసింది.

అందరూ ఆ బిలియన్లనే చూస్తారు. నాకు మాత్రం ఆ 25 డాలర్ల మీదే ఆసక్తి. ఎన్నడూ విడిగా అమ్మని వస్తువుకి ధర కట్టాలి. దాన్ని ఆడిటర్ ఒప్పుకోవాలి, ఆడిట్ కమిటీ ఒప్పుకోవాలి, రేపు నియంత్రణ సంస్థ అడిగితే సమాధానం ఉండాలి. జర్నల్ ఎంట్రీ వేయడానికి ఐదు నిమిషాలు చాలు. ఆ ఎంట్రీలో వేసే అంకె ఎక్కడినుంచి వస్తుందన్నదే అసలు ప్రశ్న. నేనివాళ చెప్పబోయేది ఆ ప్రశ్న గురించే. కొత్త స్టాండర్డ్ అమలు చేయడమంటే చాలా కంపెనీలకు, తాము ఇన్నేళ్లుగా సంతకాలు పెట్టిన ఒప్పందాల్లో ఏముందో మొదటిసారి కూర్చుని చదువుకోవడం.

ముందు స్టాండర్డ్ ఎలా వస్తుందో రెండు మాటల్లో చెప్పి ముందుకు పోతాను. ఇది రాత్రికి రాత్రి వచ్చి మీద పడేది కాదు. స్టాండర్డ్స్ రాసే బోర్డు, అమెరికాలో అయితే ఎఫ్‌ఏఎస్‌బీ, మిగతా చాలా దేశాలకు అంతర్జాతీయ బోర్డు, చర్చాపత్రం పెడుతుంది, తర్వాత ముసాయిదా విడుదల చేస్తుంది, అభిప్రాయాలు రాసి పంపమంటుంది. కంపెనీలు, బ్యాంకులు, ఆడిట్ సంస్థలు ఉత్తరాలు రాస్తాయి. వాటిని చదివి, కొంత మార్చి, తుది స్టాండర్డ్ ఇస్తారు. అమలు తేదీ సాధారణంగా రెండు మూడేళ్ల తర్వాత ఉంటుంది. అంతర్జాతీయ బోర్డు ఇచ్చే స్టాండర్డ్స్‌ని ఐఎఫ్‌ఆర్‌ఎస్ అంటాం. వాటిలో బీమా ఒప్పందాల స్టాండర్డ్, ఐఎఫ్‌ఆర్‌ఎస్ 17, సంగతి చూడండి. ప్రాజెక్టు మొదలైంది 1997లో. తుది స్టాండర్డ్ వచ్చింది 2017లో. అమల్లోకి వచ్చింది 2023లో. ప్రాజెక్టు మొదలైన ఏడాది ట్రైనీగా చేరినవాళ్లు, అమలయ్యేనాటికి ఆ పనికి సంతకం పెట్టాల్సిన పెద్దవాళ్లయిపోయారు. (నవ్వులు)

ముసాయిదా దశలో ఉత్తరం రాయడం పెద్ద కంపెనీల పని అని మనలో చాలామంది అనుకుంటారు. నేను ఒప్పుకోను. మీ దగ్గర జరిగే ఒక మామూలు లావాదేవీకి ఆ ముసాయిదా పొసగకపోతే, ఆ సంగతి బోర్డుకి తెలియడానికి మీ ఉత్తరం తప్ప దారి లేదు. తుది స్టాండర్డ్ వచ్చాక విసుక్కుంటే వినేవాళ్లు ఉండరు.

ఇక ఆ రెండు మూడేళ్ల గడువులో కంపెనీలు ఏం చేస్తాయి? ఇది బయటినుంచి కూడా కనిపెట్టొచ్చు. ఐఏఎస్ 8 అనే అంతర్జాతీయ స్టాండర్డ్ ప్రకారం, విడుదలై ఇంకా అమల్లోకి రాని స్టాండర్డ్ వల్ల మీ మీద పడే ప్రభావం ఏమిటో, తెలిసినంతవరకు నోట్స్‌లో, అంటే లెక్కల వెంట ఇచ్చే వివరణల్లో, చెప్పాలి. అమెరికాలో స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ కూడా ఇదే అడుగుతుంది. ఏదైనా కంపెనీ నోట్ తీసుకుని వరసగా మూడేళ్లు చదవండి. మొదటి ఏడాది ‘ప్రభావాన్ని పరిశీలిస్తున్నాం’ అని ఉంటుంది. రెండో ఏడాది కూడా అదే వాక్యం, కామా కూడా మారకుండా ఉందనుకోండి, అక్కడ పని మొదలు కాలేదని అర్థం. మూడో ఏడాది హఠాత్తుగా ఒక అంకె ప్రత్యక్షమైతే చివరి త్రైమాసికంలో ఎంత టెన్షన్ పడి ఉంటారో ఊహించుకోవచ్చు. బాగా చేసే కంపెనీల్లో ఈ నోట్ ఏటేటా పెరుగుతూ వస్తుంది: ఏయే ఒప్పందాల మీద ప్రభావం పడుతుంది, ఏ పద్ధతిలో మారతాం, అంకె సుమారుగా ఏ పరిధిలో ఉంటుంది. మదుపరులు ఈ నోట్‌ని చదవరని అనుకోవద్దు. ఆడిటర్లు అయితే మొదట తిప్పే పేజీ ఇదే.

గడువు ఉంది కదా అని ఆగేవాళ్లకు ఇంకో ధైర్యం కూడా దొరుకుతుంటుంది. అదే వాయిదా. ఆదాయం స్టాండర్డ్ ఐఎఫ్‌ఆర్‌ఎస్ 15 వచ్చింది 2014 మేలో. మొదట 2017 జనవరి నుంచి అన్నారు, తర్వాత 2018కి జరిపారు. ఐఎఫ్‌ఆర్‌ఎస్ 17ని 2021 నుంచి 2022కి, అక్కడినుంచి 2023కి జరిపారు. అమెరికాలో స్టాక్ మార్కెట్‌లో లిస్ట్ కాని కంపెనీలకు లీజుల స్టాండర్డ్ కూడా ఇలాగే జరుగుతూ పోయింది. ప్రతి వాయిదాకీ సరైన కారణాలే ఉన్నాయి, కాదనను. కానీ కంపెనీ లోపల జరిగేది వేరు. ముందుగా పని మొదలుపెట్టినవాళ్ల బడ్జెట్ ఆగిపోతుంది, టీమ్‌లో మంచి మనుషుల్ని వేరే పనికి తీసుకుపోతారు. మొదలుపెట్టని వాళ్లేమో ‘చూశారా, మనం తొందరపడకపోవడమే మంచిదైంది’ అంటారు. తర్వాతి స్టాండర్డ్‌కి అందరూ ఆ రెండో రకంగానే తయారవుతారు. వాయిదాల వల్ల జరిగిన అసలు నష్టం ఇదేనని నా అభిప్రాయం.

ఇప్పుడు లీజుల దగ్గరికి వద్దాం. దీని మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే ఒక కంపెనీ స్టాండర్డ్‌ని ఎలా అందుకుంటుందో పూర్తిగా కనిపించేది ఇక్కడే.

ఐఎఫ్‌ఆర్‌ఎస్ 16, 2016 జనవరిలో వచ్చింది, 2019 జనవరి నుంచి అమలైంది. అంతకుముందు ఆపరేటింగ్ లీజు, అంటే ఆస్తి సొంతం కాకుండా మామూలు అద్దెకు తీసుకోవడం, అయితే అద్దె ఖర్చు రాస్తే సరిపోయేది. పదేళ్ల పాటు అద్దె కట్టి తీరాలన్న బాధ్యత నోట్స్‌లో ఒక మూల ఉండేది, ఆస్తులు, అప్పులు చూపే బ్యాలెన్స్ షీట్‌లోకి వచ్చేది కాదు. విమానయాన కంపెనీల బ్యాలెన్స్ షీట్లలో విమానాలే కనిపించని పరిస్థితి. అంతర్జాతీయ బోర్డుకి అప్పట్లో అధ్యక్షుడుగా ఉన్న సర్ డేవిడ్ ట్వీడీ దీనిమీద ఒక చమత్కారం చేసేవారు. చనిపోయేలోపు ఏదైనా విమానయాన కంపెనీ బ్యాలెన్స్ షీట్‌లో ఉన్న విమానంలో ఒక్కసారైనా ఎక్కాలని ఉంది అనేవారు. బోర్డు వేసిన అంచనా ప్రకారం, ప్రపంచంలో లిస్టయిన కంపెనీలకు దాదాపు 3.3 ట్రిలియన్ డాలర్ల లీజు బాధ్యతలు ఉంటే, అందులో 85 శాతానికి పైగా బ్యాలెన్స్ షీట్ బయటే ఉన్నాయి.

కొత్త లెక్క కష్టమైనదేం కాదు. ఐదేళ్ల లీజు, ఏడాది చివర 100 చొప్పున కట్టాలి, వడ్డీ రేటు 10 శాతం అనుకుందాం. ఆ ఐదు చెల్లింపుల నేటి విలువ సుమారు 379. అంత అప్పు, అంతే విలువైన వాడుక హక్కు బ్యాలెన్స్ షీట్‌లోకి వస్తాయి. ఏటా తరుగుదల 75.8. మొదటి ఏడాది వడ్డీ 37.9. రెండూ కలిపితే 113.7. పాత పద్ధతిలో అద్దె 100 మాత్రమే. ఐదో ఏడాదికి వచ్చేసరికి వడ్డీ 9కి దిగుతుంది, మొత్తం ఖర్చు 85 దాకానే ఉంటుంది. ఐదేళ్లు కలిపి చూస్తే రెండు పద్ధతుల్లోనూ 500. ఇది ఏ ట్రైనీ అయినా ఒక మధ్యాహ్నంలో షీట్ మీద చేసేస్తాడు.

మరి కంపెనీలు రెండేళ్లు ఎందుకు తలకిందులయ్యాయి? లీజులు ఎక్కడున్నాయో తెలియక. ఆఫీసు భవనాలవి అడ్మిన్ దగ్గర ఉంటాయి. వాహనాలవి రవాణా విభాగం దగ్గర. ప్రింటర్లవి ఒక్కో బ్రాంచి మేనేజర్ దగ్గర. సర్వర్లవి ఐటీ దగ్గర. కొన్నిటికి ఒప్పందం గడువు ఎప్పుడో తీరిపోయి, ‘మరో మూడేళ్లు కొనసాగిద్దాం’ అన్న ఒక మెయిల్ మీద నడుస్తుంటాయి. అసలు కాగితం ఉంటే అనుబంధం ఉండదు, అనుబంధం ఉంటే సంతకాల పేజీ ఉండదు. చెల్లింపుల జాబితా తీసి అద్దె ఖాతాలో పడ్డవన్నీ వెతికితే చాలదా అంటారు. చాలదు. లీజు అన్న పేరే లేని ఒప్పందంలో కూడా లీజు ఉండొచ్చు. సరుకు రవాణా కోసం సేవల ఒప్పందం చేసుకున్నారు. అందులో ఫలానా పది ట్రక్కులు మీకే కేటాయించారు, సరఫరాదారు వాటిని మార్చుకునే వీలు ఆచరణలో లేదు, అవి ఎప్పుడు ఎక్కడికి వెళ్లాలో మీరే చెబుతారు. అది లీజే. పుస్తకాల్లో మాత్రం సరుకు రవాణా ఖర్చు కింద హాయిగా కూర్చుని ఉంటుంది.

తర్వాతి చిక్కు గడువు. ఒప్పందం ఐదేళ్లు, ఇంకో ఐదేళ్లు పొడిగించుకునే హక్కు మీకుంది. అప్పుని ఐదేళ్లకు లెక్కకట్టాలా, పదేళ్లకా? పొడిగించుకోవడం దాదాపు ఖాయమైతే పదేళ్లకు కట్టమంటుంది స్టాండర్డ్. ఇది అకౌంటెంట్ తేల్చగలిగేది కాదు. ఆ భవనంలో ఎంత ఖర్చుపెట్టి లోపలి పనులు చేయించారు, ఖాళీ చేస్తే వ్యాపారం ఎంత దెబ్బతింటుంది, వచ్చే ఐదేళ్ల ప్రణాళికలో ఆ చోటు ఉందా లేదా అన్నది వ్యాపారం నడిపేవాళ్లకే తెలియాలి. తీరా వాళ్లను అడిగితే ఒక్కోసారి అసలు ప్రణాళికే లేదని బయటపడుతుంది. అకౌంట్స్ విభాగం నుంచి వెళ్లిన ఒక మెయిల్‌కి జవాబు రాయడానికి కంపెనీ డైరెక్టర్ల బోర్డు స్థాయిలో చర్చ జరిగిన సందర్భాలు ఉన్నాయి. ఇలాంటప్పుడు స్టాండర్డ్ మీద విసుక్కోవడం న్యాయం కాదు. ఆ ప్రశ్న ఎవరో ఒకరు ఎప్పుడో అడిగి ఉండాల్సింది.

వడ్డీ రేటూ అంతే. లీజులో దాగిన రేటు తెలియకపోతే, అంతే కాలానికి, అలాంటి హామీతో, ఆ ఆస్తి కొనడానికి మీకు అప్పు ఎంత వడ్డీకి దొరుకుతుందో ఆ రేటు వాడాలి. అప్పే చేయని కంపెనీ ఏం చేయాలి? ట్రెజరీ వాళ్లు, బ్యాంకర్లు కలిసి ఒక రేటు నిర్మించాలి. దానికి ఆధారం రాసిపెట్టాలి.

సరే, ఇవన్నీ తేల్చి అంకె వేశారు. అప్పుడు రెండో తుఫాను మొదలవుతుంది. అద్దె ఖర్చు పోయి దాని చోట తరుగుదల, వడ్డీ వచ్చాయి కదా. కాబట్టి ఎబిటా, అంటే వడ్డీ, పన్ను, తరుగుదల తీయకముందు లాభం, పెరుగుతుంది. ఇందాకటి ఉదాహరణలో పూర్తిగా 100 పెరుగుతుంది. మేనేజర్ల బోనస్ ఎబిటా మీద ఆధారపడి ఉంటే ఏ కష్టమూ పడకుండా లక్ష్యం దాటేసినట్టే. ఇంకోపక్క అప్పు పెరిగింది. బ్యాంకు అప్పు షరతుల్లో ‘మొత్తం అప్పు, మూలధనానికి ఇన్ని రెట్లు దాటకూడదు’ అని ఉంటే, మారింది రూలే అయినా షరతు ఉల్లంఘించినట్టవుతుంది. తెలివైన లాయర్లు రాసిన కొన్ని అప్పు ఒప్పందాల్లో, సంతకం చేసిన నాటి అకౌంటింగ్ రూల్స్ ప్రకారమే లెక్కించాలన్న నిబంధన ఉంటుంది. మంచిదే, కానీ ఆ అప్పు తీరేదాకా పాత పద్ధతిలో ఇంకో లెక్క నడపాలి. ఇది ముందు తెలిస్తే బ్యాంకుతో కూర్చుని నిబంధన మార్చుకోవచ్చు. ఏడాది చివర తెలిస్తే బ్యాంకు దయ.

ఇక్కడ ఇంకో తమాషా ఉంది. అంతర్జాతీయ బోర్డు, అమెరికా బోర్డు ఈ ప్రాజెక్టుని కలిసే మొదలుపెట్టాయి. లీజుని బ్యాలెన్స్ షీట్‌లోకి తేవాలన్న దగ్గర ఇద్దరూ ఒక్కటే. ఖర్చు ఎలా చూపాలన్న దగ్గర విడిపోయారు. అమెరికా స్టాండర్డ్‌లో ఆపరేటింగ్ లీజు ఖర్చు ఇప్పటికీ ఏటా సమానంగానే పడుతుంది. రెండు పద్ధతుల్లోనూ రిపోర్ట్ చేయాల్సిన గ్రూపుల్లో ఒకే భవనానికి రెండు లెక్కలు. వాళ్ల దగ్గర పనిచేసేవాళ్లకు నా సానుభూతి.

ఆదాయం గురించి కొంచెం తక్కువే చెబుతాను. ఐఎఫ్‌ఆర్‌ఎస్ 15లో ఆదాయం ఎంత, ఎప్పుడు రాయాలో తేల్చే ఐదు మెట్లు మీకు కంఠస్థమే. ఒక ఉదాహరణతో మారే పద్ధతి గురించి మాట్లాడదాం. నెలకు 50 చొప్పున 24 నెలల ఫోన్ ప్లాన్, హ్యాండ్‌సెట్ ఉచితం. మొత్తం 1200. విడిగా కొంటే ఫోన్ 600, సేవ 24 నెలలకు 960. ఆ నిష్పత్తిలో పంచితే ఫోన్ వాటా 461.5. పాత పద్ధతిలో ఫోన్ ఇచ్చిన రోజు ఆదాయం సున్నా, నెలనెలా 50. కొత్త పద్ధతిలో ఫోన్ చేతికిచ్చిన రోజే 461.5.

ఇప్పుడు మారే రోజు నాటికి సగంలో ఉన్న ప్లాన్లు లక్షల్లో ఉన్నాయనుకోండి. రెండు దారులున్నాయి. పాత సంవత్సరాలను కూడా కొత్త పద్ధతిలో తిరగరాయడం ఒకటి. మారిన రోజు వచ్చిన తేడా మొత్తాన్ని ప్రారంభ రిజర్వుల్లో, అంటే అప్పటిదాకా పోగుపడ్డ లాభాల్లో, ఒక్క అంకెగా వేసేయడం రెండోది. రెండోది తేలిక అని చాలామంది దాన్నే పట్టుకున్నారు. దాంట్లో ఒక విచిత్రం ఉంది. ఆ ఫోన్ల ఆదాయంలో ఇంకా రాయని భాగం నేరుగా రిజర్వుల్లోకి వెళ్లిపోతుంది. పాత సంవత్సరపు లాభనష్టాల ఖాతాలో అది లేదు, కొత్త సంవత్సరంలోనూ రాదు. ఏ ఏడాది ఖాతాలోనూ ఎప్పటికీ కనిపించని ఆదాయం. మదుపరుల సమావేశంలో ‘అమ్మకాలు తగ్గాయేమిటి’ అని ఎవరైనా అడిగితే ఆర్థిక విభాగం అధిపతి, అదే సీఎఫ్‌ఓ, దీన్ని వివరించాలి. వివరించి చూడండి, ఎంత కష్టమో తెలుస్తుంది. పైగా ఆ మొదటి ఏడాది, పాత పద్ధతిలో అయితే ఒక్కో వరసలో ఎంత ఉండేదో కూడా నోట్స్‌లో చూపాలి. అంటే రెండు లెక్కలు నడపడం ఎటూ తప్పలేదు.

మైక్రోసాఫ్ట్ మొదటి దారి ఎంచుకుంది. అమెరికా ఆదాయం స్టాండర్డ్‌ని గడువుకంటే ముందే, 2017 జూలై నుంచి అమలు చేసి, పాత సంవత్సరాలను తిరగరాసింది. విండోస్ 10 ఆదాయం అంతకుముందు వాయిదాల్లో వచ్చేది, కొత్త పద్ధతిలో చాలావరకు ముందే వస్తుంది. అలా 2017 ఆర్థిక సంవత్సరపు ఆదాయం 90 బిలియన్ డాలర్ల నుంచి 96.6 బిలియన్లయింది. లీజుల స్టాండర్డ్‌ని కూడా అదే రోజున తీసుకున్నారు. ఒకేసారి రెండు పెద్ద మార్పులు చేయడం అందరికీ సాధ్యం కాదు, చేయమని నేను సలహా ఇవ్వను. కానీ చదివేవాడికి మాత్రం మూడేళ్ల అంకెలు ఒకే పద్ధతిలో పక్కపక్కన దొరికాయి.

బ్యాంకులది వేరే కథ. 2008 సంక్షోభం తర్వాత వచ్చిన విమర్శ ఏమిటంటే, నష్టం జరిగిందన్న ఆధారం దొరికేదాకా బ్యాంకులు ప్రొవిజన్ (మునిగే బాకీల కోసం పక్కన పెట్టే మొత్తం) చేయడం లేదు, చేసేసరికి ఆలస్యమైపోతోంది. ఐఎఫ్‌ఆర్‌ఎస్ 9 వచ్చి, అప్పు ఇచ్చిన రోజు నుంచే రాబోయే నష్టాన్ని అంచనా వేయమంది. 2018 నుంచి అమలు. రెండేళ్లు తిరిగేసరికి కోవిడ్ వచ్చింది. పాత సంవత్సరాల డేటాతో కట్టిన మోడళ్లకు అలాంటిది తెలియదు. అంతర్జాతీయ బోర్డు 2020 మార్చిలో, స్టాండర్డ్‌ని యాంత్రికంగా వాడొద్దు, పరిస్థితి చూసి వాడండి అని ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది. అదే నెలలో అమెరికా చట్టసభ అక్కడి బ్యాంకులకు వాళ్ల కొత్త రూలుని కొంతకాలం ఆపుకునే వీలు ఇచ్చింది. సంక్షోభం కోసమే తయారైన స్టాండర్డ్‌ని సంక్షోభం రాగానే పక్కన పెట్టే వీలు ఇవ్వడం నాకు అంతగా నచ్చలేదు. దానికి వాళ్ల కారణాలు వాళ్లకున్నాయి.

మీరు బ్యాంకులో లేరు కాబట్టి ఇది మీకు కాదు అనుకోవద్దు. మీకు రావలసిన బాకీలకు కూడా ఈ స్టాండర్డే. 90 రోజులు దాటితే ఇంత శాతం అని ఎప్పుడో ఎవరో పెట్టిన పట్టికని అలాగే వాడుతున్న కంపెనీలు చాలా ఉన్నాయి. ఆ శాతాలు మీ సొంత వసూళ్ల చరిత్ర నుంచి వచ్చాయా అని ఆడిటర్ అడిగితే చూపించడానికి ఏముంది?

స్టాండర్డ్ కంపెనీ నడవడికనే మార్చేస్తుందా అన్నది పాత చర్చ. నాకు తెలిసి దీనికి అందరికంటే పెద్ద ఉదాహరణ జనరల్ మోటార్స్. రిటైరైన ఉద్యోగులకు జీవితాంతం వైద్యఖర్చులు ఇస్తామని అమెరికా కంపెనీలు మాట ఇచ్చి, బిల్లు వచ్చినప్పుడల్లా ఖర్చు రాసుకునేవి. 1990 చివర్లో ఎఫ్‌ఏఎస్‌బీ 106వ స్టాండర్డ్ తెచ్చి, ఉద్యోగి పనిచేస్తున్న కాలంలోనే ఆ భారాన్ని లెక్కకట్టి అప్పుగా చూపమంది. పేరుకుపోయిన పాత భారాన్ని ఒకేసారి చూపొచ్చు, లేదా 20 ఏళ్ల దాకా పంచుకోవచ్చు. జనరల్ మోటార్స్ ఒకేసారి చూపింది. 1992లో ఆ కంపెనీ నష్టం 23.5 బిలియన్ డాలర్లు. అందులో 20.8 బిలియన్లు ఈ ఒక్క మార్పు వల్లే. ఆ ఏడాది నగదులో దీనివల్ల పోయింది ఏమీ లేదు.

ఎందుకు పంచుకోలేదు? పంచుకుంటే 20 ఏళ్లపాటు ప్రతి ఏడాది లాభంలో ఒక ముక్క కోసుకుపోతుంది. ఒకేసారి అయితే ‘ఇది అకౌంటింగ్ మార్పు’ అని చెప్పి బయటపడొచ్చు. ఇది ఇప్పటికీ ప్రతి కంపెనీ బోర్డులో జరిగే ఆలోచనే. తర్వాతి సంవత్సరాల్లో చాలా అమెరికా కంపెనీలు కొత్త ఉద్యోగులకు ఈ సౌకర్యం తగ్గించాయి, కొన్ని ఎత్తేశాయి. స్టాండర్డ్ వల్లే కార్మికులు నష్టపోయారని కొందరు, స్టాండర్డ్ సాకు మాత్రమేనని ఇంకొందరు అంటారు. నేను చూసేది ఇలా: ఇచ్చిన మాట ఖరీదు ఎంతో అంతవరకు ఎవరూ కట్టలేదు. కట్టాక, ఆ మాట ఇక ఇవ్వాలా వద్దా అన్నది అజెండాలోకి వచ్చింది. వైద్యఖర్చులు పెరుగుతున్న కాలంలో ఆ జవాబు ఉద్యోగికి అనుకూలంగా రాలేదు.

ఇక ప్రశ్నలు తీసుకుందాం.

(కన్సల్టెంట్లను పెట్టుకోవాలా, మనమే చేసుకోవాలా అని ఒకరు అడిగారు.)

పెట్టుకోండి, తప్పులేదు. వాళ్లు ఇదివరకే పది చోట్ల చేసి ఉంటారు, మీరు ఒక్కసారే చేస్తారు. కానీ అంకె వెనక ఉన్న కారణాల కాగితం మీ మనిషి రాయాలి. కన్సల్టెంట్ రాసిన ముప్పై పేజీల పత్రం చాలా అందంగా ఉంటుంది. రెండేళ్లకు ఒప్పందం మారినప్పుడు దాన్ని విప్పి చదవగలిగినవాళ్లు ఆఫీసులో ఒక్కరూ ఉండరు. ఇంకో సంగతి, ఈ పనికి పెట్టే మనిషికి రోజువారీ క్లోజింగ్ (లెక్కలు ముగించే) పని తగ్గించండి. పొద్దున క్లోజింగ్, సాయంత్రం కొత్త స్టాండర్డ్ అంటే సాయంత్రం పని ఎప్పుడూ రేపటికి పోతుంది.

(గడువుకంటే ముందే అమలు చేస్తే లాభమా అని ఇంకొకరు అడిగారు.)

యాపిల్, మైక్రోసాఫ్ట్ ముందే ఎందుకు చేశాయో ఇందాక అంకెల్లో చూశాం. వాళ్ల వ్యాపారం ఎలా నడుస్తోందో కొత్త పద్ధతిలో బాగా కనిపిస్తుంది. మీకు అలాంటి కారణం ఏదీ లేకపోతే, మీ రంగంలో మిగతావాళ్లతో పాటే వెళ్లండి. ఒంటరిగా ముందుకు పోతే మీ అంకెలను పోల్చడానికి ఎవరూ ఉండరు, చిక్కుప్రశ్న వస్తే అడగడానికీ ఎవరూ ఉండరు. పని ముందే మొదలుపెట్టడం వేరు, ముందే అమలు చేయడం వేరు.

(లాభనష్టాల ఖాతాని ఎలా చూపాలో చెప్పే ఐఎఫ్‌ఆర్‌ఎస్ 18 గురించి: అది కేవలం చూపించే పద్ధతే కదా, 2027 కోసం అంత హడావిడి అవసరమా?)

మంచి ప్రశ్న, చాలామంది మనసులో ఉన్నదే. 2024 ఏప్రిల్‌లో వచ్చింది, 2027 జనవరి 1న మొదలయ్యే సంవత్సరాల నుంచి అమలు. లాభం మొత్తం మారదు, నిజమే. కానీ పక్కన 2026 అంకెలు కూడా కొత్త పద్ధతిలోనే చూపాలి. మధ్యంతర ఫలితాలకు కూడా ఇది వర్తిస్తుంది. కాబట్టి 2026 పుస్తకాలు రాస్తున్నప్పుడే ఆ విభజన తెలియాలి.

లాభనష్టాల ఖాతాలో ఇప్పుడు ఆపరేటింగ్, పెట్టుబడి, ఫైనాన్సింగ్ అని వేర్వేరు భాగాలు. విదేశీ మారక తేడాలు తీసుకోండి. ఇవాళ మీ సిస్టమ్‌లో అవన్నీ ఒకే ఖాతాలో పడుతున్నాయి. కొత్త స్టాండర్డ్‌లో, ఆ తేడా ఏ బాకీ వల్ల, ఏ అప్పు వల్ల వచ్చిందో చూసి ఆ భాగంలోనే వేయాలి. మరీ అనవసరమైన ఖర్చు, శ్రమ అయితేనే మినహాయింపు. ఒకే ఖాతాలో పడ్డ ఏడాది తేడాలను తర్వాత విడదీయడం ఎవరైనా చేసి చూస్తే, హడావిడి అన్న మాట మళ్లీ వాడరు. (నవ్వులు) ఆపరేటింగ్ లాభం అన్న మాటకు ఇప్పుడు స్టాండర్డ్‌లోనే నిర్వచనం వచ్చింది. మీ బోనస్ పథకంలో, అప్పు ఒప్పందంలో అదే మాట వేరే అర్థంతో ఉంటే, ఆ కాగితాలు ఇప్పుడే తీయాలి. మదుపరులకు మీరు ‘సర్దుబాటు చేసిన లాభం’ అని సొంతంగా ఒక అంకె చెబుతుంటే, చాలావరకు అది ఇకమీదట ఆడిట్ అయ్యే నోట్స్‌లోకి వస్తుంది. దాన్ని ఎలా లెక్కించారో, స్టాండర్డ్ ప్రకారం ఉన్న మొత్తంతో ఎలా పొంతన కుదురుతుందో చూపించాలి. ఆ అంకెని ఇప్పటిదాకా ఎవరు తయారుచేస్తున్నారు? చాలా చోట్ల మదుపరుల సంబంధాల విభాగంలో ఒకరి షీట్‌లో ఉంటుంది.

వచ్చే నెల క్లోజింగ్ అయ్యాక ట్రయల్ బ్యాలెన్స్, అంటే అన్ని ఖాతాల నిల్వల జాబితా, తీసి ఒక్కో ఖాతాని ఈ కొత్త భాగాల్లోకి పంచి చూడండి. రెండు భాగాల్లోకి వెళ్లాల్సిన ఖాతాలు ఎన్ని ఉన్నాయో వేరే కాగితం మీద రాసుకోండి. ఆ జాబితా పట్టుకుని ముందు ఐటీ వాళ్ల దగ్గరికి వెళ్లండి, ఆడిటర్ దగ్గరికి తర్వాత వెళ్లొచ్చు. ఖాతాల కోడ్‌లు మార్చడానికి వాళ్లకు పట్టే సమయమే అన్నిటికంటే ఎక్కువ.